ఎర్ర అట్ట, పచ్చ అట్ట

పుస్తకాలకు అట్టలు వేసి బతికే ఆ మనిషిని వీధి వీధంతా అట్టల సాయిబు అనే పిలిచేది. తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టిన పేరు ఒకటి లేకపోలేదు. దానిని వారు తప్ప మరెవరూ వాడలేదు. ఇంటి ముందు గదే అతని పనిగది. కిటికీ కింద కుట్టుబల్ల, మూలన కాగితాలు కోసే యంత్రం, గోడ వెంబడి కుట్టిన పుస్తకాలను నొక్కిపెట్టే చెక్కలు, చిన్న పొయ్యి మీద మైదాపిండి జిగురు. ఆ ఇంటికి వచ్చిన చుట్టాలు గుమ్మంలో చెప్పులు విడిచేవారు. వెళ్ళేటప్పుడు అరికాళ్ళకు అంటుకున్న కాగితపు పేలికలను విడిపించుకొనేవారు. అందుచేత వారు ఎంత తొందరగా వచ్చినా, అంత తొందరగా వెళ్ళలేకపోయేవారు.

సాయిబుకు ఒక నియమం ఉండేది: కుట్టే పుస్తకాన్ని చదవకూడదు. అది పని నేర్పిన ఉస్తాదు పెట్టిన నియమం. ఆ ఉస్తాదు ఒకప్పుడు ఒక నవలకు అట్ట వేయబోయి, మొదటి పుట మీద కన్ను పారేసుకొని, మర్నాటికి ఇవ్వవలసిన కోర్టు దస్త్రాలను పూర్తిగా మరిచిపోయాడట. ఆ దెబ్బతో కోర్టువారు రావడం మానేశారు. నవల మాత్రం చక్కగా ముగిసిందట. ఆ కథ విన్న నాటి నుంచి సాయిబు పుట అంకెను చూసేవాడే గాని, దాని కింద ఏముందో చూసేవాడు కాడు. వేలకొలదీ పుస్తకాలు అతని చేతుల మీదుగా పోయాయి. వాటిలో ఎవరు బతికారో, ఎవరు పోయారో, ఎవరికి ఎవరితో పెళ్ళయిందో అతనికి తెలియదు. అయితే ఉస్తాదు నియమం కళ్ళకే గాని చెవులకు వర్తించదని అతడు తనకు అనుకూలంగా తానే తీర్పు చెప్పుకొన్నాడు.

ఆ తీర్పు మూలంగానే సాయంకాలపు గంట అతనికి దక్కింది. పొద్దుగూకగానే చేసే మగ్రిబ్ నమాజుకూ, చీకటి పడిన తరువాత చేసే ఇషా నమాజుకూ నడుమ ఇంటిల్లిపాదీ ముందు గదిలో చేరేవారు. పదమూడేళ్ళ కూతురు చాప మీద కూర్చొని బిగ్గరగా కథ చదివేది. పదేళ్ళ కొడుకు ఆమె పక్కన బోర్లా పడుకొని, వాక్యానికొక ప్రశ్న వంతున అడ్డు తగిలేవాడు. సాయిబు తల్లి, అంటే పిల్లల దాదీ, జపమాల తిప్పుతూ వినేది. కథలో దొంగలు ప్రవేశించినప్పుడు పూసలు వేగంగా కదిలేవి. భార్య ఆసుపత్రిలో దుప్పట్ల గదికి పెద్ద. రోజంతా దుప్పట్లు మడిచి వచ్చి, ఇంట్లో ఒక్క గుడ్డ కూడా మడవనని ఒట్టు పెట్టుకొన్న మనిషి కనుక, ఆ గంటసేపూ కాళ్ళు బారచాపుకొని కూర్చునేది. సాయిబు తల వంచుకొని కుట్టేవాడు. ఆ గంటలో పడిన కుట్లు తక్కిన రోజంతా పడిన కుట్ల కంటె తిన్నగా ఉండేవని అతనికి తెలుసు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కూతురిని ఇంట్లో వకీలు అనేవారు. నిద్ర లేవమంటే, లేవవలసిన కారణాలను వరసగా చెప్పమనే రకం. కొడుకు నవాబు. దాహం వేస్తే కుండ దగ్గరకు వెళ్ళక, కుండే తన దగ్గరకు వచ్చేదాకా ఓపిక పట్టే రకం. ఇద్దరికీ కుదరని విషయాలు చాలా ఉన్నా, కథ దగ్గర మాత్రం కుదిరేది. ఒకనాడు అక్కడా చెడింది.

ఆనాటి కథలో ఒక దొంగతనం ఉంది. నవాబు ప్రశ్నలు వాక్యానికొకటి కాస్తా రెండయ్యాయి. వకీలు విసిగి వేసారి, చివరి పుట తిప్పి, దొంగ ఎవరో గదంతా వినబడేటట్టు చెప్పేసి, పుస్తకం మూసేసింది. మర్నాడు నవాబు ఆమె ఒంటరిగా చదువుకొంటున్న మరొక నవలను తీసి, తండ్రి జిగురు గిన్నె తెచ్చి, చివరి పుటలన్నింటినీ కలిపి అతికించాడు. అట్టల సాయిబు కొడుకు కనుక ఎంత నేర్పుగా అతికించాడంటే, ఆవిరి పట్టినా అవి విడలేదు. సాయిబు లోలోపల గర్వపడదగిన పనితనమే అది. కాని గర్వపడే వ్యవధి దొరకలేదు. ఆ సాయంత్రం నుంచి అక్కాతమ్ముళ్ళ మధ్య మాట ఆగిపోయింది. మాటతో పాటు కథ, కథతో పాటు ఆ గంట కూడా ఆగిపోయాయి.

ఇద్దరి మధ్య జరగవలసిన సంభాషణ అంతా దాదీ మీదుగా సాగడం మొదలైంది. ఆమెకు ఇటు వకీలు, అటు నవాబు. పళ్ళెం జరపమని అటువైపు వారికి చెప్పమని ఒకరు. జరపవలసిన అవసరం తనకు కనిపించడం లేదని ఇటువైపు వారికి తెలియజేయమని ఒకరు. పాపం ఆమె తన ముద్ద నోట్లో పెట్టుకొనే సరికి పళ్ళేలు కడిగే వేళ అయ్యేది. చివరికి ఒకనాడు చెయ్యి అడ్డం పెట్టింది.

"చదువుకోమని మనకు ఆజ్ఞ ఉంది. చదివి జుట్లు పట్టుకోమని లేదు. తోబుట్టువుతో మూడు రోజులకు మించి మాట మానకూడదు, అదీ ఉంది. ఇవాళ్టితో మూడు" అంది.

వకీలు ఆలోచించింది. మాట అంటే ఎంత మాట, సలాం ఒక మాట కింద లెక్కకు వస్తుందా అని వినయంగా అడిగింది. దాదీ ముందూ వెనకా చూసుకోకుండా, సలాం కంటె మంచి మాట ఇంకేముంటుందని అనేసింది. అంతే, తీర్పు నమోదయింది. నాటి నుంచి ప్రతి మూడవ రోజు పొద్దు వాలే వేళకు అక్కాతమ్ముళ్ళు చెరొక గోడకు ముఖం తిప్పుకొని నిలబడేవారు. ఆమె "అస్సలాము అలైకుం" అనేది. అతడు "వ అలైకుముస్సలాం" అనేవాడు. ఇద్దరూ పొల్లు పోకుండా, ఎంతో శుద్ధంగా పలికేవారు. ఆ వెంటనే, ధర్మం నెరవేర్చిన తృప్తితో, మళ్ళీ మూడు రోజులు మూగనోము పట్టేవారు. గడువు దగ్గర పడుతున్నప్పుడు ఒకరినొకరు మరిచిపోనివ్వకుండా గొంతు సవరించుకొని గుర్తు చేయడం కూడా మొదలుపెట్టారు. ఇంత క్రమశిక్షణతో సాగిన పోట్లాటను దాదీ తన జీవితంలో చూడలేదు. ముక్కున వేలేసుకొని, తను అన్న మాటను వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియక జపమాల పట్టుకొంది.

సాయిబు పని చెడింది. దారం తెగేది, కుట్టు వంకరపోయేది. ఒక వైద్య గ్రంథానికి అట్టను తలకిందులుగా వేశాడు. డాక్టరుగారు దానిని ఎదురుగా కూర్చున్న రోగులకు అట్ట తిన్నగా కనబడేలా పట్టుకొని, లోపలి అక్షరాలను తలకిందులుగా చదవవలసి వచ్చింది. నాలుగు మాటలు చెప్పి పిల్లల్ని కలపవచ్చు గదా అని భార్య అంది. అతడు మాటల మనిషి కాడు. అతనికి తెలిసిన విద్యలు రెండే: విడిపోయినదానిని కలపడం, కలిసినదానిని కోయడం. ఆ రెండింటితోనే ఏదో ఒకటి చేయాలని కూర్చున్నాడు.

అదే వారం గ్రంథాలయం నుంచి ఒక బస్తా వచ్చింది. గ్రంథాలయాధికారిని ఊరివారు నిశ్శబ్దం గారు అనేవారు. వేలు పెదవుల మీద పెట్టి జనాన్ని ఊరుకోబెట్టీ పెట్టీ, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఆ వేలు అక్కడే ఉండేది. ఆయన పంపిన బస్తాలో బాగుచేయవలసిన పుస్తకాలు కొన్ని, నీలం సుద్దతో గీత గీసిన పనికిరానివి కొన్ని ఉన్నాయి. పనికిరానివాటిని సాయిబు ఏమైనా చేసుకోవచ్చు. వాటిలో ఒక లావుపాటి కథల పుస్తకం దొరికింది. వీపు కుళ్ళిపోయి, మడతలు చివికి, ఏ కాగితానికాకాగితం విడివడింది. ఒక పురుగు మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా తొలుచుకొంటూ పోయింది. తిన్నగా పోక, మొదట పుట లోపలి అంచున బయలుదేరి, మెల్లమెల్లగా పక్కకు జరుగుతూ, చివరికి బయటి అంచు దగ్గర తేలింది. ఆ పుస్తకాన్ని పూర్తిగా జీర్ణించుకొన్న పాఠకుడు ఆ పురుగొక్కటే.

సాయిబు ఆ కాగితాలను పేకముక్కల్లా రెండుగా పంచాడు. మొదటిది ఇటు, రెండవది అటు, మూడవది ఇటు, నాలుగవది అటు. ఒక కట్టకు ఎర్ర అట్ట, రెండవదానికి పచ్చ అట్ట వేశాడు. పుట అంకెలు తప్పడం చూస్తే పిల్లలు పసిగడతారని, యంత్రం మీద పెట్టి పైఅంచును అంకెలతో సహా కోసేశాడు. తన తెలివికి తానే మురిసిపోతూ, ఎర్రది కూతురికీ, పచ్చది కొడుకుకూ ఇచ్చాడు. చదివితే సగం అర్థం కాదు, మిగతా సగం రెండవ పుస్తకంలో ఉందని తెలుసుకొంటారు, అడగక తప్పదు, ఆ గంట తిరిగి వస్తుంది. ఈ ఉపాయాన్ని భార్యకు గుసగుసగా చెప్పాడు.

"పిల్లలు కలవాలని పుస్తకాన్ని విడదీశారా?" అంది ఆమె.

"వాళ్ళు కలిస్తే అదీ కలుస్తుందిలే."

"కలవకపోతే?"

అంత దూరం అతడు ఆలోచించలేదు.

కథ ఏమిటో అతనికి తెలియదు గాని, మనకు తెలియాలి. ఒక గడియారాల మేస్త్రి గోపురానికి పెట్టే పెద్ద గడియారాన్ని ఒంటె మీద వేసుకొని, ఎడారి దాటి ఒక పట్టణానికి చేర్చడానికి బయలుదేరతాడు. ఆ ఒంటెను ఎంతో గౌరవంగా చూసుకొనేవాడు కనుక, దానిని బేగం గారూ అని పిలిచేవాడు. ఆమె ఒంటె అని చెప్పిన పుట ఒక్కటే ఉంది. అది ఎర్ర పుస్తకంలోకి పోయింది. దారిలో దోపిడీగాళ్ళ భయానికి అతడూ తోటి బాటసారులూ గడియారాన్ని కొన్నాళ్ళు ఇసుకలో దాచిపెడతారు. దాచినది గడియారమని చెప్పిన పుట పచ్చ పుస్తకంలోకి పోయింది.

పిల్లలు చదివారు. అర్థం కాలేదు. అయితే అర్థం కాలేదని ఒప్పుకోవడం ఆ ఇద్దరి వంశంలోనే లేదు. వకీలు పుస్తకంలో ఒక పుట "ఇసుకలో పాతిపెట్టి, కన్నీళ్ళు తుడుచుకొని ముందుకు సాగారు" అని మొదలైంది. పాపం మేస్త్రి పోయాడని ఆమె నిశ్చయించుకొంది. తరువాతి పుటలో అతడు నడుస్తూ కనిపించే సరికి, తక్కిన కథంతా అతని ఆత్మ నడుపుతోందని తేల్చి, తెలివైన పాఠకుల కోసం రచయిత అక్కడక్కడ ఖాళీలు వదిలాడని మెచ్చుకొంది. నవాబు పుస్తకంలో బేగం గారు తెల్లవారక ముందే లేచి, మోకాళ్ళ మీద కూర్చొని, వీపు మీద గడియారం ఎత్తించుకొని, ముళ్ళు తిని, వారాల తరబడి నీళ్ళు అడగకుండా భర్త వెంట నడిచింది. అటువంటి భార్య లోకంలో ఉండదని అతడు కరిగిపోయాడు.

ఇద్దరూ తమ తమ కథలను దాదీకి చెప్పారు. సాయిబు గుమ్మం అవతల చెవులు రిక్కించి నిలబడి, ఒకే పుస్తకం నుంచి ఒక ఆత్మా ఒక పతివ్రతా పుట్టుకొచ్చిన వైనం విని తల పట్టుకొన్నాడు. ఒకరినొకరు అడుగుతారనుకొన్నవారు, అడగనవసరం లేకుండా చెరొక సగాన్ని సొంతంగా కల్పించుకొన్నారు. పైగా ఇద్దరూ మహా సంతోషంగా ఉన్నారు. దాదీ మాత్రం మనసు కరిగి, ప్రతి నమాజు తరువాత చేతులు చాపి ఆ చనిపోయిన మేస్త్రి కోసమూ, ఆ ముళ్ళు తినే ఇల్లాలి కోసమూ దువా చేయసాగింది.

ఇంతలో నిశ్శబ్దం గారి దగ్గర నుంచి కబురు వచ్చింది. ఆ లావుపాటి కథల పుస్తకం మీద నీలం సుద్ద గీత పొరపాటున పడిందట. చిన్నప్పుడు ఎక్కడో మొదటి సగం చదివి, మిగతాది దొరకక అలాగే ముసలిదైపోయిన ఒక పాఠకురాలు రోజూ వచ్చి దానిని అడుగుతోందట. శుక్రవారం సాయంత్రం తానే స్వయంగా వచ్చి తీసుకొంటారట.

శుక్రవారం మధ్యాహ్నం, అట్ట బాగుచేస్తానని సాకు చెప్పి, పిల్లల చేతుల్లోంచి రెండు పుస్తకాలూ తీసుకొన్నాడు. అట్టలు విప్పి, కాగితాలను విడదీసి, నేల మీద చెరొక పక్క దొంతి పెట్టి, నడుమ కూర్చున్నాడు. కుడి దొంతి నుంచి ఒకటి, ఎడమ దొంతి నుంచి ఒకటి వరసగా పేర్చుకుపోతే చాలు. అంకెలు లేకపోయినా కథ తన దారిన తాను కలుస్తుంది. నిశ్శబ్దం గారికి పైఅంచు కాస్త పొట్టిగా కనబడవచ్చు, అంతే. పేర్చడం మొదలుపెట్టాడో లేదో, భార్య ఆసుపత్రి నుంచి చెమటలు కక్కుతూ వచ్చి ఫ్యాన్ వేసింది. పెళ్ళయిన నాటి నుంచి ఆమె గుమ్మం దాటగానే చేసే మొదటి పని అదే. ఆ రోజు చేయవద్దని ఆమెతో ఎవరూ చెప్పలేదు.

కాగితాలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఎర్ర పుస్తకానివీ పచ్చ పుస్తకానివీ, మొదటివీ చివరివీ, గది నిండా తిరిగి, బల్ల కిందా, పొయ్యి పక్కనా, జపమాల చేత పట్టుకొన్న దాదీ ఒళ్ళోనూ దిగాయి. అవి దిగుతున్న సమయానికే గుమ్మంలో నిశ్శబ్దం గారు ప్రత్యక్షమయ్యారు. ఒక కాగితం వచ్చి ఆయన కళ్ళద్దాలకు అడ్డంగా నిలిచింది. ఆయన దానిని తీసి, వెనకా ముందూ తిప్పి చూసి, ఇది ఎన్నో పుట అని మెల్లగా అడిగారు.

సాయిబు జరిగింది జరిగినట్టు చెప్పాడు. చెబుతున్నకొద్దీ అది తనకే ఎవరో పిచ్చివాడు చేసిన పనిలా వినిపించింది. నిశ్శబ్దం గారు ముక్కాలిపీట మీద కూలబడ్డారు. మగ్రిబ్ వేళ అయింది. ఇంట్లోవారు లోపలి గదిలో నమాజు చేసుకొన్నారు. ఆయన ముందు గదిలో కాగితాల మధ్య, కాలు మోపితే ఏ అధ్యాయం చిరుగుతుందోనని కదలకుండా కూర్చున్నారు.

నమాజు ముగించి వచ్చిన సాయిబు, నేల మీది కాగితం ఒకటి ఎత్తి దీపానికి ఎదురుగా పట్టాడు. పురుగు తొలిచిన చిల్లులోంచి వెలుగు చుక్క పడింది. మరొకటి ఎత్తాడు. దీనిలో చిల్లు కొంచెం పక్కకు జరిగి ఉంది. అతని ప్రాణం లేచి వచ్చింది. లోపలి అంచున చిల్లు ఉంటే మొదటి కాగితాలు, బయటి అంచున ఉంటే చివరివి. పురుగు నడిచిన దారినే నడిస్తే వరస దానంతటదే వస్తుంది. ఇషా లోపల పని ముగించవచ్చు. అయ్యా భయం లేదు అని చెప్పడానికి నోరు తెరిచాడు.

అంతలో తిరిగి చూస్తే పిల్లలిద్దరూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. తమ తమ పుస్తకాలు ఒకే నేల మీద కలగలిసిపోయి ఉండడం చూస్తున్నారు. మాట్లాడవలసిన గడువు ఇంకా రాలేదు. సలాముకు ఇంకా ఒక రోజు ఉంది. నవాబు వంగి, తనకు బాగా గుర్తున్న ఒక కాగితం ఎత్తి, ఎవరికీ కాకుండా గోడకు చదివి వినిపించాడు. దాని చివర ఇలా ఉంది: "బేగం గారు మెడ చాచి నిట్టూర్చి, తమ వీపు మీది". అక్కడితో పుట అయిపోయింది. ఇన్నాళ్ళూ ఆ తరువాత గడియారం అనే మాట ఉంటుందని అతడు నిశ్చయించుకొని ఉన్నాడు.

వకీలు కాలి దగ్గర పడిన కాగితాన్ని చూసింది. దాని మొదటి మాట "మూపురాన్ని". ఆమె పెదవులు బిగించుకొంది. తమ్ముడి ముఖం చూసింది. ఆగలేకపోయింది.

"మూపురం రా. బేగం ఒంటె."

నవాబు తన చేతిలోని కాగితాన్ని మళ్ళీ చూసుకొన్నాడు.

"ఒంటెనా?"

"నా దాంట్లో మొదట్లోనే ఉంది. నాలుగు కాళ్ళు, మూపురం, అన్నీ ఉన్నాయి."

"మేస్త్రి భార్య కాదా?"

"భార్యా?" అంది వకీలు. మరొకరైతే నవ్వేసేవారు. ఆమెకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. "ముళ్ళు తింటే అనుమానం రాలేదా?"

"మంచి మనిషి కదా, సర్దుకుపోతోంది అనుకున్నా. సరే గాని, మేస్త్రి ఆత్మ అయిపోయాడని దాదీకి చెప్పావట" అని అక్కను నిలదీశాడు. "ఆపా, పాతిపెట్టింది గడియారాన్ని. ఆయన బతికే ఉన్నాడు. నా దాంట్లో పళ్ళు తోముకొన్నాడు కూడా."

దాదీ జపమాల ఆగింది. "నేను ఇద్దరి కోసమూ దువా చేస్తున్నానే. ఒకరు ఒంటె, ఒకరు చావనే లేదు. ఇప్పుడు పైవాడికి ఏమని సర్దిచెప్పను?" అంది.

ఆ తరువాత ఎవరు ముందు నేల మీద కూర్చున్నారో ఎవరూ గమనించలేదు. వకీలు ఒక కాగితం చివరి మాట చదివితే, నవాబు దాని తరువాతి మాట కోసం గదంతా పాకాడు. అతికిన చోట ఇద్దరూ ఒకేసారి తలూపారు. అతకని చోట మాటా మాటా పెరిగింది. ఆత్మ కథ కూలిపోతుంటే వకీలు చివరిదాకా వాదించింది. పతివ్రత కథ కూలిపోతుంటే నవాబు కళ్ళ నీళ్ళు పెట్టుకొన్నాడు. గొంతులు ఇంటి కప్పు తాకాయి. ముక్కాలిపీట మీది నిశ్శబ్దం గారి వేలు అలవాటు చొప్పున పెదవుల మీదకు వెళ్ళింది.

"ష్" అన్నారు.

పిల్లలు చప్పున ఆగారు. సాయిబు లేచి నిలబడ్డాడు. పెద్దవారి మాటకు ఎదురు చెప్పి ఎరగని మనిషి అతడు.

"అయ్యా, మీ కాళ్ళు పట్టుకొంటాను. ఇంకెప్పుడైనా అనండి, ఇప్పుడు మాత్రం అనకండి" అన్నాడు.

నిశ్శబ్దం గారు ఆ వేలును ఏం చేయాలో తెలియక కాసేపు గాలిలో పట్టుకొని, చివరికి దానితోనే ముక్కాలిపీట కింద ఉన్న ఒక కాగితాన్ని చూపించారు. "అది ఇసుక తుఫాను దగ్గరదేమో చూడమ్మా" అన్నారు. చూస్తే అక్కడిదే. ఆ వెంటనే ఆయన కూడా నేల మీదకు దిగారు.

సాయిబు మాత్రం బల్ల దగ్గరకు వెళ్ళి, చేతికి దొరికిన ఏదో పుస్తకం కుట్టడం మొదలుపెట్టాడు. పురుగు దారి సంగతి తన దగ్గరే ఉంచుకొన్నాడు. దారం తెగలేదు. భార్య కాళ్ళు చాపుకొని కూర్చొంది. భర్త ముఖం చూసి, ఏదో దాస్తున్నారని అంది. దాచడానికి ఏముందని అతడు అన్నాడు.

వరస పూర్తి కావస్తున్న వేళకు రెండు కాగితాలు మిగిలాయి. ఒకటి చివరి పుట. అది పచ్చ పుస్తకంలోది కనుక నవాబుకు ముందే తెలుసు, ఇప్పుడు అతని చేతిలోనే ఉంది. అతడు దానిని పైకి చదవకుండా మడిచిన కాళ్ళ కింద పెట్టుకొని, దాని మీద కూర్చున్నాడు. వకీలు దానివైపు చూసింది. అది అతడు గమనించాడు.

"చెప్పనా?" అన్నాడు. ఆ ఒక్క మాటలో పాత బాకీ అంతా ఉంది.

"చెప్పకు. వరసలో రానీ" అంది ఆమె. కాస్త ఆగి, "నేనూ ఇంకెప్పుడూ ముందే చెప్పను" అంది.

మిగిలిన రెండవ కాగితం ఎక్కడిదో తేలలేదు. దానిలో పెద్ద సంఘటన ఏదీ లేదు కనుక, తమ పుస్తకంలో అది ఎక్కడ వచ్చిందో ఇద్దరికీ గుర్తు లేదు. మిట్టమధ్యాహ్నం మేస్త్రి బేగం గారి పక్కన నీడలో వాలి, సమయం ఎంతయిందని ఆమెను అడుగుతాడు. ఆమె బదులు చెప్పదు. చెప్పనవసరం లేదని అతనికి తోస్తుంది. అంతే. అది ప్రయాణం మొదట్లోనూ ఇముడుతుంది, చివర్లోనూ ఇముడుతుంది. అక్కాతమ్ముళ్ళు తలలు ఆనించి చాలాసేపు మంతనాలాడి, అది చివరి పుటకు ముందే ఉండాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. అంత దూరం కలిసి నడిచిన తరువాతే అలా అడగగలడని వకీలు వాదన. బేగం గారికి కొంచెం విశ్రాంతి కావాలని నవాబు వాదన. సాయిబు ఆ కాగితాన్ని అందుకొని దీపానికి పట్టాడు. చిల్లు లోపలి అంచునే ఉంది. అది పుస్తకం మొదట్లోని కాగితం. పురుగు అబద్ధం చెప్పదు.

"ఇక్కడే పెట్టాలి కదా అబ్బా?" అని తండ్రిని అడిగాడు నవాబు.

"మీరిద్దరూ ఎక్కడంటే అక్కడే" అన్నాడు సాయిబు.

అప్పుడు నవాబు తన కింది కాగితం తీశాడు. చివరి పుట వకీలు చదివింది, అతడు భుజం మీదుగా చూస్తూ విన్నాడు. పట్టణంవారు గడియారం తమకు పనికిరాదన్నారు. పొద్దు పొడిస్తే లేస్తామని, పొద్దు గూకితే పడుకొంటామని చెప్పారు. మేస్త్రి ఏమీ నొచ్చుకోక, గడియారం పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టి, దాని నిండా నీళ్ళు పోసి బేగం గారికి తాగించాడు. కథ ముగిసింది. దాదీ పూసలు నిలిచిపోయి చాలాసేపయింది. ఆ తరువాత బేగం ఏమైందని నవాబు అడిగాడు. గదిలో అందరూ వకీలు వైపు చూశారు. ఆమె విసుక్కోకుండా, ఏమై ఉంటుందో నువ్వే చెప్పమంది. అతడు ఇషా దాకా చెప్పాడు.

మూడవ రోజు వచ్చింది. గడువు మించిపోతోందని దాదీ హెచ్చరించింది. తాము ఉదయం నుంచి మాట్లాడుకొంటూనే ఉన్నామని, ఇక ఈ నిబంధన తమకు వర్తించదని వకీలు వివరించింది. అయినా దాదీ ఇద్దరి చేతా సలాం చెప్పించింది. గోడల వైపు తిరగనివ్వలేదు.

పుస్తకం గ్రంథాలయానికి చేరింది. ఎర్ర గుడ్డ మీద పచ్చ వీపు వేసి కుట్టిన అటువంటి పుస్తకం ఆ బీరువాల్లో మరొకటి లేదు. కొన్నాళ్ళకు నిశ్శబ్దం గారు, మగ్రిబ్ తరువాత ఆ ఇంటి ముందుగా వెళ్ళే పని రోజూ ఎందుకో తగులుతున్నందువల్ల, కథ వినడానికి ముక్కాలిపీట మీద కూర్చొని, ముసలావిడ పుస్తకం పూర్తి చేసిందని చెప్పారు. చిట్టచివరన మేస్త్రి ఒంటెను సమయం అడిగే పుట ఆమెకు అన్నిటికంటె నచ్చిందట. అది తాను చిన్నప్పుడు మొదట్లోనే చదివినట్టు గుర్తట. వయసు మీద పడి జ్ఞాపకం తప్పి ఉంటుందని, ఏమైనా అది ఇక్కడే బాగుందని అన్నదట.

సాయిబు తల ఎత్తలేదు. పుస్తకం ఇచ్చివేయడానికి ముందు రోజునే, ఎవరూ లేని వేళ చూసి, ఆ ఒక్క కాగితం మీది చిల్లును జిగురులో నానబెట్టిన కాగితపు పొడితో పూడ్చి, ఆరిన తరువాత చేత్తో తడిమి చూసుకొన్నాడు. వేలికి ఏమీ తగల్లేదు.